ఇసుక నేర్పిన విద్య: సర్ ఆర్థర్ కాటన్

గోదావరి ధవళేశ్వరము చేరునప్పటికి దాని ప్రయాణము తుదకు వచ్చును. నాసికమునకు సమీపమున సహ్యాద్రియందు పుట్టిన ఆ నది, పాపికొండల ఇరుకున బిగబట్టిన ఊపిరిని రాజమహేంద్రవరముకడ విడిచి, ధవళేశ్వరపు గుట్ట దాటగానే చదునైన నేలపై శాఖలుగా చీలి సముద్రమునకు సాగిపోవును. అచ్చట నది వెడల్పు లంకలతో గూడ సుమారు నాలుగు మైళ్లు. శ్రావణ భాద్రపదములయందు ఆ నాలుగు మైళ్లును నీరే. చైత్ర వైశాఖములయందు చాలవరకు ఇసుకయే. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఆ యొడ్డున నివసించిన రైతు బ్రదుకు ఈ రెండింటి నడుమ నలిగినది. వరద పొర్లిన యేడు పైరు మునిగిపోవును. వాన కురియని యేడు ఎండిపోవును. కన్నుల యెదుట నీరు పారుచుండగనే కడుపు మాడిన జనుల చరిత్ర యది.

1832వ సంవత్సరమున దాపురించిన నందన కరువును తెలుగువారు తరతరములు చెప్పుకొనిరి. దానికే డొక్కల కరువని మారుపేరు. గుంటూరు ప్రాంతమున ఐదు లక్షల జనములో ఇంచుమించు రెండు లక్షలమంది ఆ కరువునకు బలియైరని అంచనా. గోదావరి సీమకును ఆ కాలమున కష్టములు తప్పలేదు. దానికి తోడు 1839 నవంబరులో కోరంగి తీరమున ఉప్పెన విరుచుకొనిపడి పల్లెలకు పల్లెలనే ఊడ్చుకొనిపోయెను. మాధవాయపాలెపు బట్టలకు సీమలో గిరాకి యున్నన్నాళ్లు మగ్గమును నమ్ముకొన్న కుటుంబములు, ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చిన పిదప ఆ ఆధారమును గూడ కోల్పోయినవి. 1821కిని 1841కిని నడుమ రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య లక్షకు పైగా తగ్గిపోయినది. చచ్చినవారు కొందరు, దేశాంతరము పోయినవారు కొందరు. జనముతోబాటు శిస్తుకూడ తగ్గుటచే కంపెనీ ప్రభుత్వము మేల్కొని, సర్ హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారిని విచారణకు పంపెను. ప్రజల ప్రాణములకంటె శిస్తుబాకీలే దొరలను ముందు కదలించినవనుట అన్యాయపు మాట కాదు. ఈ సీమకు నీటిపారుదల తప్ప వేరు దిక్కు లేదని 1844లో మాంట్‌గోమరీ నివేదించెను. నదిని పరిశీలించి ఉపాయము చెప్పవలసిన భారము ఆర్థర్ కాటన్ అను ఇంజనీరుపై పడెను.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వ్లీ కాటన్. ఆయన కుమారులలో ఆర్థర్ పదవవాడు. పెద్ద సంసారమున చిన్నవానికి ఆస్తికంటె ఉద్యోగమే ఆధారమగుట నాటి ఇంగ్లండులో సామాన్య విషయము. పదునైదేండ్ల ప్రాయమున ఆర్థర్ అడిస్కూంబులోని కంపెనీవారి సైనిక విద్యాలయమున ప్రవేశించి, 1819లో ఇంజనీర్ల దళమున ఉద్యోగము సంపాదించెను. వేల్సు దేశమున కొంతకాలము భూమికొలతల పని నేర్చుకొని, 1821లో మద్రాసు చేరెను. ఆ తరువాత రెండేండ్లు దక్షిణ మండలమున చెరువుల శాఖలో సహాయకుడుగ పనిచేసెను. ఈ చిన్న ఉద్యోగమును చరిత్రకారులు ఒక్క వాక్యములో దాటిపోవుదురు. కాని ఆ యువకునకు అంతకంటె మంచి బడి దొరకియుండదు. వందలయేండ్లుగా గ్రామస్థులు కట్టుకొని, తెగినపుడెల్ల పూడ్చుకొని, తూములు మరమ్మతు చేసికొని కాపాడుకొన్న చెరువులను ఊరూరు తిరిగి చూచుటయే ఆయన పని. నీటిని నిలుపు విద్య ఈ దేశమునకు దొరలు తెచ్చినది కాదని ఆయనకు అప్పుడే తెలిసియుండవలెను.

నడుమ బర్మాయుద్ధము వచ్చినది. కాటన్ అందు పాల్గొని తిరిగివచ్చెను. 1828లో కాప్టెనై, కావేరీ పనుల పరిశీలనకు నియుక్తుడయ్యెను. ఆయన జీవితమునకు మలుపు గోదావరి అని సాధారణముగ చెప్పుదురు. నిజమునకు ఆ మలుపు తిరుచిరాపల్లికడనే వచ్చినది.

కావేరి శ్రీరంగద్వీపము తలవద్ద రెండుగా చీలును. దక్షిణపుపాయ కావేరి, ఉత్తరపుపాయ కొల్లిడము. తంజావూరు పొలములకు ప్రాణము దక్షిణపుపాయ. కాని కొల్లిడమునకు సముద్రము దగ్గర, వాలు ఎక్కువ. నీరు పల్లమెరుగును గదా! ఏటికేడు కొల్లిడము లోతై నీటిని తనవైపు లాగుకొనుచుండగా, కావేరి మొదలుకడ ఇసుక మేటవేయుచుండెను. ఇట్లే సాగినచో తంజావూరు మాగాణములు ఎండిపోవుట నిశ్చయము. కొల్లిడమునకు అడ్డుగోడ కట్టవలెనని అందరికిని తోచినదే. అయితే ఆ నదిలో ఎంత త్రవ్వినను రాయి తగులదు, అంతయు ఇసుకయే. గట్టినేలపై గాని కట్టడము నిలువదని నేర్చుకొని వచ్చిన ఇంజనీర్లకు ఇది అసాధ్యముగ కనబడెను.

కాటన్ సమాధానమును పుస్తకములలో వెదకలేదు. శ్రీరంగద్వీపము దిగువ కొసను, కావేరి మరల కొల్లిడములో పడిపోకుండ నాటి చోళులు కట్టిన కల్లణై యున్నది. దానిని కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధి. అది చెక్కిన రాళ్ల కట్టడము కాదు. మొరటు బండలను ఇసుకలోనికి దింపి, వానిపై మరల బండలు పేర్చి, మట్టితో బంధించిన పెద్ద రాతికుప్ప. అట్టిది శతాబ్దముల వరదలకు నిలిచెను. పునాది లేని కట్టడము ఎట్లు నిలిచినది? ఈ ప్రశ్నయే కాటన్‌కు గురువు.

ఆయన గ్రహించిన సూత్రమును నేటి విద్యార్థికి సులభముగనే చెప్పవచ్చును. కట్టపై నిలిచిన నీరు కట్టక్రింది ఇసుకగుండ ఊరి దిగువకు పోజూచును. దారి పొట్టిదైన, ఆ ఊట బలముగ పారి ఇసుకరేణువులను మోసికొనిపోవును. అడుగు గుల్లయై కట్ట కూలును. దారి పొడవైనచో ఊట బలము దారిలోనే చచ్చిపోవును. కనుక ఇసుకపై కట్టవలసిన కట్టకు కావలసినది లోతు మాత్రమే కాదు, వెడల్పు. రెండవ ప్రమాదము, కట్టమీదుగ దూకిన వరద దిగువను గోతులు త్రవ్వుట. దానికి మందు దిగువ వాలున మొరటు రాళ్లు పోయుట. గొయ్యి పడినకొలది ఆ రాళ్లు దానిలోనికి దిగి తామే దానిని పూడ్చును. తరిగినన్ని రాళ్లు మరుసటి వేసవిలో మరల వేయవలెను. అట్టి ఆనకట్ట ఒకసారి కట్టి మరచిపోదగినది కాదు, ఏటేట సాకవలసినది. మన చెరువుకట్టలను గ్రామస్థులు సాకినదియు ఇట్లే కదా!

ఈ నమ్మకముతో 1836లో ఆయన కొల్లిడమునకు ఎగువ ఒకటి, దిగువ ఒకటి, రెండు ఆనకట్టలు నిర్మించెను. అవి నిలిచినవి. తంజావూరు దక్కినది. అయితే నది మరియొక పాఠము నేర్పకుండ విడువలేదు. ఎగువ ఆనకట్ట కట్టిన పిమ్మట కావేరికి నీరు అవసరమునకు మించి తిరిగి, దాని గర్భమే కోసుకొనిపోజొచ్చెను. ఆనకట్టలో కొంతమేర ఎత్తు తగ్గించి, కావేరి మొదలున అడ్డముగ ఒక కట్టుబాటు చేసిన పిదప గాని రెండు పాయలకు పొత్తు కుదురలేదు. నదిని ఒకచోట ముట్టినచో అది వేరొకచోట బదులు చెప్పునని ఆనాడు తెలిసినది.

ఈ యనుభవముతో కాటన్ గోదావరీ తీరమునకు వచ్చెను. అప్పటికే ఆయన ఆరోగ్యము బాగులేదు. 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్ అను నామెను వివాహమాడియుండెను. కృష్ణా గోదావరుల నీటిని పొలములకు మళ్లింపవచ్చునను ఊహ ఆయనకు ముందే, పదునెనిమిదవ శతాబ్దాంతమున, మైకేల్ టాపింగ్ అను సర్వేయరునకు కలిగినది; కాని అది కాగితములు దాటలేదు. కాటన్ నది వెంట తిరిగి డెల్టా ఒడలిని చదివెను. నది ఒండ్రు మొదట తన గట్లపైననే పోయుట వలన, నది ప్రక్కనున్న నేల మెరకగను, దూరముగ పోయినకొలది పల్లముగను ఉండుట ఆయన గమనించెను. కావున డెల్టా శిరస్సువంటి ధవళేశ్వరమున నీటిమట్టమును కొంచెము పెంచి, గట్ల మెరకవెంట కాలువలను నడిపినచో, నీరు తనంత తానే రెండు ప్రక్కల పొలములకు దిగును. ఏతాములు అక్కరలేదు. ఇంతటి నదికి పండ్రెండడుగుల ఎత్తు కట్ట చాలునన్నది ఆ పరిశీలన ఫలము. నదిని ఆపుట ఆయన యుద్దేశము కానేకాదు. వరద కట్టమీదుగ పొర్లిపోవలెను. వరద తగ్గిన పిమ్మట మిగిలిన నీరు కాలువలకు ఎక్కవలెను.

స్థలనిర్ణయమునందును ఆయన బుద్ధిసూక్ష్మత కనబడును. ఇరుకైన చోట కట్టినచో కట్ట పొట్టిదగును, ఖర్చు తగ్గును. కాని అచ్చట వరద లోతును వేగమును అధికము. కాటన్ నది మిక్కిలి వెడల్పైన చోటును కోరుకొనెను. అచ్చట వరద పలుచనై పారును. నడుమ లంకలుండుటచే పని నాలుగు ముక్కలుగ విడిపోయినది. ధవళేశ్వరము పాయ సుమారు 4,900 అడుగులు, ర్యాలి పాయ 2,850, మద్దూరు పాయ 1,550, విజ్జేశ్వరము పాయ 2,600. వెరసి రెండు మైళ్లకు పైగా కట్టడము. మొదటి అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. అది చాలలేదనియు, పని పెరిగినకొలది వ్యయమును పెరిగెననియు చెప్పుట సత్యమునకు అవసరము.

1846 చివర లండను డైరెక్టర్లు అనుమతించిరి. 1847లో పని మొదలయ్యెను. ఆయన అడిగినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వమివ్వలేదు. ఇచ్చిన కొద్దిమంది పని నేర్వవలసిన యువకులు. ధవళేశ్వరపు గుట్టను మందుపెట్టి పేల్చి, ఇనుపపట్టాలపై బండ్లలో రాయి నది యొడ్డునకు దింపి, అచ్చటనుండి పడవలపై పాయలు దాటించిరి. ఇసుకలో బావులు దింపి వానిపై గోడ లేపిరి. నూతివరలు దింపు ఆ నేర్పు ఈ దేశపు పనివారికి తాతలనాటి విద్య. వేలకొలది కూలీలు, రాతిపనివారు, తాపీవారు, మట్టిపనివారు నది తగ్గిన నెలలలో పనిచేసి, వరద రాగానే తొలగి, ఏమి నిలిచినదో ఏమి కొట్టుకొనిపోయినదో చూచుకొని మరల దిగెడివారు. వారి పేర్లు ఏ దస్తావేజునను లేవు. మిగిలిన పేరు వీణెం వీరన్నది. మచిలీపట్టణమునకు చెందిన ఆ తెలుగు ఇంజనీరు పనివారిని సమకూర్చుటలోను, నడపుటలోను కాటన్‌కు కుడిభుజమై నిలిచి, రాయ్ బహద్దూర్ బిరుదము పొందెను. కాటన్‌ను కీర్తించువారిలో ఎక్కువమంది వీరన్నను మరచుట విచారకరము.

1848లో కాటన్ జబ్బుపడి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. కాప్టెన్ ఆర్ ఆ భారము వహించెను. ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. నాయకుడు లేని రెండేండ్లు పని ఆగలేదు. పద్ధతి స్పష్టముగ నున్నందున దానిని మరియొకరు నడపగలిగిరి. 1850లో ఆయన తిరిగివచ్చెను. 1852 మార్చి 31వ తేదీకి ఆనకట్ట పూర్తియయ్యెను.

కట్ట కట్టుటతో పని సగమే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు త్రవ్వవలసియుండెను. వానిని నీటిపారుదలకే గాక పడవల రాకపోకలకును తగునట్లు లాకులతో నిర్మించిరి. రైలు రాకముందు ఆ సీమ ధాన్యము రేవులకు చేరినది ఈ కాలువపడవల మీదనే. కోనసీమలోని నగరము ద్వీపమునకు నీరు చేరుటకు వైనతేయ గోదావరి అడ్డు. హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరమువద్ద 49 కమానుల అక్విడక్టు కట్టి, నదిమీదుగ కాలువను దాటించెను. క్రింద నది, పైన కాలువ! నాటి జనులు దానిని చూచుటకు తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చియుందురు. బెజవాడకడ కృష్ణానదికి 1852లో ప్రారంభించి 1855లో ముగించిన ఆనకట్టను ఆర్ నిర్మించెను. మార్గము మాత్రము కాటన్ చూపినదే.

ఫలితమునకు పరీక్ష ఒక పాతికేండ్లకు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు ధాతకరువు దక్షిణదేశమును దహించినపుడు లక్షలాది జనులు మరణించిరి. ఆ యేండ్లలో గోదావరి కృష్ణా డెల్టాలు తాము తినుటయే గాక, కరవు సీమలకు బియ్యము పంపినవి. నందన కరువునాడు శవములు లెక్కించిన ప్రాంతము ధాతనాడు ధాన్యము కొలిచినది. గోదావరిలో స్నానమాడు వేళ కాటన్‌ను భగీరథునితో పోల్చి స్మరించు సంస్కృతశ్లోకము ప్రచారములోనికి వచ్చుటయు, డెల్టా గ్రామములలో ఆయన విగ్రహములు వెలయుటయు ఈ కృతజ్ఞతవలననే. పరపాలన కాలపు ఉద్యోగికి ప్రజలు తమంత తాము ఇట్టి గౌరవ మిచ్చుట అరుదు. అయినను నాణెమునకు రెండవ వైపు లేకపోలేదు. పెరిగిన పంటతోబాటు ప్రభుత్వపు రాబడియు పెరిగెను. నీరు తెచ్చుటయందున్న శ్రద్ధ మురుగునీరు తీయుటయందు తగినంత లేకపోవుటచే, పల్లపు పొలములు వరద ముంపునకు గురియగు బాధ ఆ డెల్టాను తరతరములు వదలలేదు.

కాటన్ 1860లో ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరెను. 1861లో ప్రభువు ఆయనకు సర్ బిరుదమిచ్చిరి. 1854లోనే ఆయన భారతదేశపు ప్రజాహిత నిర్మాణములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించియుండెను. అప్పటినుండి నలువదేండ్లు ఆయన వాదము ఒక్కటే: రైళ్లపై వెచ్చించు ధనమును కాలువలపై వెచ్చించినచో అన్నమును, చవుక రవాణాయు రెండును చేకూరునని. నదులనన్నిటిని కాలువలతో కలుపవలెనని ఆయన కలగనెను. రైళ్లపక్షము బలమైనది, ఆయన మొండివాడు. 1878లో పార్లమెంటు ఉపసంఘము ముందు సాక్ష్యమిచ్చినపుడును పట్టు విడువలేదు.

ఈ యుత్సాహమే ఆయనకు ఒక అపజయమును తెచ్చిపెట్టెను. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఆయన ప్రోత్సాహముతో తుంగభద్రనుండి కర్నూలు కడప కాలువను త్రవ్వించెను. ప్రభుత్వము పది లక్షల పౌనుల పెట్టుబడికి వడ్డీ పూచీ వహించెను. వ్యయము అంచనాను దాటెను, నీరు వచ్చెను, రైతు రాలేదు. కారణము వింతది కాదు. అచ్చటిది చాలవరకు నల్లరేగడి. వాన పడిన యేడు ఆ నేల తేమను దాచుకొని జొన్నను, ప్రత్తిని పండించును. అట్టి నేలకు కాలువనీరు పెట్టి, దానికి పన్ను చెల్లించి, చెమ్మ పట్టిన పొలములో అడుగిడుటకు రైతు ఇష్టపడలేదు. కరవు వచ్చిన యేడు మాత్రము నీటికి ఎగబడెడివాడు. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కంపెనీనుండి కొనివేసెను. కావేరీ గోదావరులను ఏండ్లతరబడి కాలినడకన చూచినవాడు తుంగభద్రా సీమ రైతు నాడిని దూరమునుండి లెక్కగట్టెను. తేడా అచ్చటనే యున్నది. అనంతరకాలమున పంటలు మారి, ఆ కాలువయే రాయలసీమకు మేలుచేసినది, నేటికిని చేయుచున్నది. కాని ఆ మేలు కాటన్ చెప్పిన కాలమునకు, చెప్పిన లెక్కకు రాలేదు.

ధవళేశ్వరపు పాత ఆనకట్ట నూటముప్పదేండ్లు సేవచేసినది. దాని స్థానమున 1970లో ప్రారంభమై 1982లో పూర్తియైన బరాజి కాటన్ పేరనే వెలసి, సుమారు 10 లక్షల ఎకరములకు నీరిచ్చుచున్నది. 1986 ఆగస్టులో ముప్పదియైదు లక్షల క్యూసెక్కుల వరద ఆ బరాజిమీదుగ దాటిపోయెను.

కాటన్ చివరి దినములు లండనుకు దక్షిణముగనున్న డార్కింగు పట్టణమున గడచినవి. ఎనుబది దాటినను ఆయన చేతులు ఊరకుండలేదు. నదులు దూరమైనవి, నేల దగ్గరనే యున్నది. చిన్న మడి యొకటి తీసికొని గోధుమ సేద్యముపై ప్రయోగములు సాగించెను. నాగలి పైపొరను మాత్రమే కదలించును. లోతుగ త్రవ్వి మట్టిని గుల్లచేసినచో గాలియు, తేమయు లోనికి చేరి, వేరు క్రిందికి దిగి, కొద్ది విత్తనమునకే దండిగ పండునని ఆయన యూహ. గింజలను ఎడముగ నాటించి, త్రవ్విన లోతును, పిలకలను, దిగుబడిని లెక్కవ్రాసికొనుచుండెను. కొల్లిడపు ఇసుకలో నీటి నడకను వెదకిన కన్నులే ఇప్పుడు ఒక గోధుమదుబ్బు వేళ్లను పరికించినవి. కర్నూలు రేగడి తానై చేసిన పనినే ఆయన డార్కింగులో పారతో చేయింప జూచెనని తోచును.

1899 జూలై 24వ తేదీన, తొంబదియారవ యేట, ఆయన డార్కింగులోనే మరణించెను. మరుసటి సంవత్సరము ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. ఆ గ్రంథమున క్షామనివారణను గూర్చి విలియం డిగ్బీ రచించిన వ్యాసములు కూడ చేర్చబడినవి.